సుబ్బులు గూడు: సంక్రాంతి నుంచి నాగుల చవితి దాకా

జనవరి 11

మా పెద్దమ్మ కొడుకు హైదరాబాద్ నుంచి కారులో తెచ్చి దింపి వెళ్ళాడు. మూడడుగుల గాజు ఆక్వేరియం, పైన ఇనుప జాలీ మూత, లోపల చుట్ట చుట్టుకున్న బాల్ పైథాన్. ఆడది, ఆరేళ్ళది. వాడికి జర్మనీలో ఉద్యోగం వచ్చింది, పాముకి రాలేదు. "నువ్వైతే ఓపిగ్గా చూస్తావురా" అన్నాడు. వాళ్ళింటికి వెళ్ళినప్పుడు నాలుగైదుసార్లు దీన్ని చేతిలోకి తీసుకోవడం తప్ప పాముల గురించి నాకేమీ తెలియదు.

ఇది పశ్చిమ, మధ్య ఆఫ్రికా పాము. విషం లేదు. భయమేస్తే తల లోపల దాచుకుని బంతిలా చుట్టుకుంటుంది, అందుకే ఆ పేరు. కాగితాల పని ముందే మొదలుపెట్టాం. నాగుపాము, జెర్రిపోతు, మన కొండచిలువ లాంటివాటిని ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. బాల్ పైథాన్ విదేశీ జాతి, వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైట్స్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. 2022లో చట్టాన్ని సవరించి, 2024 ఫిబ్రవరిలో నిబంధనలు తెచ్చాక ఇలాంటివి ఉన్నవాళ్ళు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి, చేతులు మారితే ఆ సంగతీ చెప్పాలి. మావాడు అప్పుడే నమోదు చేయించాడు కాబట్టి ఇప్పుడు బదిలీకి పెట్టుకున్నాం. కాగితాల్లేకుండా తక్కువలో ఇప్పిస్తానని ఎవరైనా అంటే ఓ దండం పెట్టి వచ్చేయండి.

అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు గది గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసి, "ఆడదంటున్నావుగా, సుబ్బులు అని పిలువు. మోపిదేవి స్వామి పేరు కలుస్తుంది" అంది. మావాడు పెట్టిన ఇంగ్లీషు పేరు ఆ రోజుతో సరి.

జనవరి 16

బరువు 1,380 గ్రాములు. దీనికోసం వేరే డిజిటల్ త్రాసు కొన్నాను, వంటింటి త్రాసు జోలికి వెళ్తే ఏమవుతుందో తెలుసు. తెల్ల టిష్యూ తడిపి ఒళ్ళంతా తుడిచి చూశాను, నల్ల చుక్కలేమీ అంటలేదు. అంటే పాము పేలు లేవన్నమాట. నీళ్ళ గిన్నె అడుగున కూడా ఏమీ లేవు.

ఆక్వేరియం గోడకి రెండు గుండ్రటి ముల్లు మీటర్లు అతికించి ఉన్నాయి, ఒకటి వేడికి, ఒకటి తేమకి. తేమ ముల్లు పొద్దున చూసినా అర్ధరాత్రి చూసినా 60 శాతమే. అంత నిలకడ మనుషుల్లోనే ఉండదు. అనుమానం వచ్చి ఉప్పు పరీక్ష చేశాను. సోడా మూత నిండా ఉప్పు పోసి, ముద్దయ్యేలా నాలుగు చుక్కలు నీళ్ళు వేసి, మీటరుతో పాటు జిప్ కవర్లో పెట్టి గట్టిగా మూసి, పొద్దున్నుంచి రాత్రి దాకా కదిలించకుండా వదిలేయాలి. తడి ఉప్పున్న మూసిన చోట తేమ 75 శాతం దగ్గర నిలబడుతుంది. మన ముల్లు మహాశయుడు అక్కడా 60 దగ్గరే కూర్చున్నాడు. రెండు డిజిటల్ మీటర్లు తెప్పించి వాటినీ అదే కవర్లో పెడితే ఒకటి 73, ఒకటి 76 చూపించాయి. ఎంత తేడా కలపాలో స్కెచ్ పెన్నుతో వాటి వీపు మీదే రాసుకున్నాను. వాటిని ఆక్వేరియంలో పెడితే అసలు తేమ 41. దీనికి కనీసం 55 నుంచి 65 ఉండాలి.

జనవరి 19

తేమ మీటరు అబద్ధమైనప్పుడు వేడి మాత్రం నిజమవుతుందా? అడుగున హీట్ మ్యాట్ ఉంది, వేడి మీరితే దాన్ని ఆపే థర్మోస్టాట్ ఉంది, తెర మీద 31 అని చూపిస్తోంది. కోవిడ్ రోజుల్లో కొన్న నుదుటి గన్నుతో నేల వేడి చూద్దామంటే, అది మనిషి ఒంటి వేడికి చేసిన సరుకు, పనికి రాలేదు. ఏసీ మెకానిక్ దగ్గర ఇన్‌ఫ్రారెడ్ గన్ను అడిగి తెచ్చాను. మ్యాట్ మీద పేపర్లు జరిపి గురిపెడితే 44 డిగ్రీలు.

థర్మోస్టాట్ ప్రోబు, అంటే వేడిని పసిగట్టే తీగ కొన, పక్క గాజుకి, నేల నుంచి జానెడు ఎత్తున అతికించి ఉంది. అది గాలి వేడి కొలుస్తోంది, పాము పొట్ట మాత్రం పెనం మీద ఉంది. పాములు కింద కాలుతున్నా అక్కడి నుంచి జరక్కుండా అలాగే పడుకోవచ్చు, ఇదే దీనిలో ప్రమాదం. తిప్పి చూస్తే పొట్ట పొలుసులు రెండు గోధుమ రంగుకి తిరిగి ఎండిపోయి ఉన్నాయి. పాత గాయమే, పచ్చి లేదు. ప్రోబుని పాము పడుకునే చోటే, మ్యాట్ మీద నేలకి ఆనించి, 32కి పెట్టాను. ఇది తాత్కాలికం. ఈ గాజు పెట్టెనే మార్చాలి.

జనవరి 26

తిండి. గడ్డకట్టించిన ఎలుకలు పెట్టాలి. బతికున్న ఎలుకని వదిలితే అది పామునే కొరికి గాయం చేయొచ్చు. పాము నడుం ఎంత లావుందో ఎలుక అంతకి మించకూడదు. ఇదంతా బాగానే ఉంది, ఆ ఎలుకలు ఎక్కడ పెట్టాలి? ఫ్రిజ్ తలుపు మీద చెయ్యి వేశానో లేదో అమ్మ వెనక నిలబడి ఉంది. "ఒరేయ్, ఆవకాయ ముక్కలు పెట్టే చోటురా అది" అంది. సెకండ్ హ్యాండ్‌లో చిన్న ఫ్రిజ్ 3,500కి దొరికింది. నా గదిలో పెట్టాను, తాళం కూడా వేశాను.

కవర్లో పెట్టి ముందు చన్నీళ్ళలో కరిగించి, తర్వాత వేణ్ణీళ్ళలో మనిషి ఒంటి వేడి వచ్చేదాకా ఉంచాలి. పైథాన్ పెదవి పొలుసుల్లో వేడిని పసిగట్టే గుంటలుంటాయి, చల్లటి ఎలుక దానికి వట్టి గుడ్డ ముక్కే. పొడవాటి పటకారుతో ఊపాను. ముందు నాలుక, తర్వాత ఏమీ లేదు, ఆ తర్వాత టప్. రెండు రోజులు ముట్టుకోకూడదు.

ఫిబ్రవరి 8

ఆటోనగర్‌లో లారీ క్యాబిన్లకి చెక్క పని చేసే ఒకాయన ఉన్నాడు, మా నాన్నకి తెలిసినవాడు, నాకు బాబాయి. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు, ముందు జరిపే అద్దాలు అని చెప్పాను. పాము ఒళ్ళు పొడవునా చాచుకోగలగాలి, అందుకు ఈ కొలత.

బాబాయి కాగితం మీద గీసి నవ్వాడు. పైన ఎనిమిది చదరపు అడుగులు, కింద ఎనిమిది, వెనక ఎనిమిది, పక్కలు రెండూ కలిపి ఎనిమిది. మొత్తం 32. ఎనిమిది బై నాలుగు ప్లైవుడ్ షీటు ఒకటి సరిగ్గా సరిపోతుంది. "షీటుకి షీటు బాబూ, పుల్ల ముక్క కూడా మిగలదు. రంపం తినేదాంతో కొలత రెండు మిల్లీమీటర్లు తగ్గుతుంది, పాము తగువు పెట్టుకోదుగా" అన్నాడు. అద్దం కింద నుంచి లోపల పరిచే పొట్టు ఒలకకుండా ఆరంగుళాల పట్టీ కావాలి, అది ఎవరిదో లారీ ముక్క.

తేమకి ఉబ్బకుండా బీడబ్ల్యూపీ (మరిగే నీళ్ళకీ తట్టుకునే) రకం ప్లై, 12 మిల్లీమీటర్లది. దేవదారు, పైన్ చెక్కలు వద్దన్నాను, వాటి నూనె వాసన పాములకి పడదు.

ఫిబ్రవరి 23

కట్టడం రెండు రోజుల్లో అయిపోయింది, ఆరడమే రెండు వారాలు. లోపల నీళ్ళతో కలిపే పాలీయురేథేన్ మూడు పూతలు, మూలలన్నిటికీ సిలికాన్. ఆ సిలికాన్‌ది వెనిగర్ వాసన. అది పూర్తిగా పోయేదాకా పాముని పెట్టకూడదు. రోజూ తల లోపల పెట్టి వాసన చూస్తుంటే పక్క ఫ్లాటావిడ కిటికీలోంచి చూసి తలుపేసుకుంది.

వేడికి మ్యాట్ వద్దనుకున్నాను. పైకప్పుకి 100 వాట్ల సెరామిక్ హీటర్, వెలుగు రాదు, వేడే వస్తుంది. ప్లాస్టిక్ హోల్డర్ కరుగుతుంది కాబట్టి పింగాణీ హోల్డర్. చుట్టూ అరంగుళం వెల్డ్‌మెష్ పంజరం, పాము దాన్ని చుట్టుకుని కాల్చుకోకుండా. గాలికి చెప్పుల స్టాండులకి పెట్టే గుండ్రటి జాలీలు నాలుగు, వెనక గోడకి పైన వరసగా. ఈ వరసే తర్వాత నా కొంప ముంచింది, అప్పుడు మాత్రం చూడ్డానికి ముచ్చటగా ఉంది.

మార్చి 2

గృహప్రవేశం. అమ్మ పాలు పొంగించమంది, వద్దన్నాను, చివరికి ఒక మామిడాకు అద్దం మీద అతికించింది.

నేల నాలుగంగుళాలు. నర్సరీలో దొరికే కొబ్బరి పొట్టు దిమ్మె నానబెట్టి, రెండుసార్లు నీళ్ళు పిండి ఉప్పు పోగొట్టి, పీచు ముక్కలు కలిపాను. వట్టి పొట్టైతే ఎండగానే దుమ్ము లేస్తుంది. పైన ఉడకబెట్టి ఎండబెట్టిన నాటు బాదం ఆకులు. దాక్కోవడానికి రెండు చోట్లు, వేడి వైపు ఒకటి, చల్లటి వైపు ఒకటి, రెండూ ఒకే కొలత. ఒకటే ఉంటే పాము భయానికీ వేడికీ మధ్య ఒకటి ఎంచుకోవాల్సి వస్తుంది.

ఆ రెండూ కుండలే. బందరు రోడ్డు పక్కన కుండలమ్మే ఆమె దగ్గర మూతి పగిలిన రెండు చిన్న కుండలు 60 రూపాయలకి వచ్చాయి. అంచులు ఉప్పుకాగితంతో నున్నగా రుద్ది బోర్లించాను. ఆఫ్రికాలో ఇవి చెదపుట్టల్లో, ఎలుక బొరియల్లో ఉంటాయి. చీమలు పెట్టిన పుట్టల్లో పాములు చేరతాయని మనవాళ్ళు అనేది అక్కడా నిజమే. సుబ్బులు అరగంట అటూ ఇటూ తిరిగి చల్లటి వైపు కుండలోకి దూరి, తల మాత్రం బయట పెట్టింది. వేడి వైపు నేల 32, చల్లటి వైపు 26.

మార్చి 30

మూడు వారాలుగా తినలేదు. కొత్త చోటుకి వస్తే ఇవి మొండికేస్తాయి, బరువు చూస్తూ ఉండాలి తప్ప బలవంతం చేయకూడదు. 1,356. వచ్చినప్పటి బరువులో పదో వంతు తగ్గితే డాక్టరు దగ్గరికి, అప్పటిదాకా టెన్షన్ పడొద్దని రాసి గోడకి అంటించుకున్నాను. పడుతూనే ఉన్నాను.

ఏప్రిల్ 13

కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడింది, మెడ దగ్గర తోలు అట్ట కట్టింది, ఎడమ కంటి మీద పొర అలాగే ఉండిపోయింది. కారణం తెలిసిందే. ఎండలు ముదిరి గదిలో ఏసీ మొదలుపెట్టాను, ఏసీ తేమంతా పీల్చేసి 38కి దించింది. మూత చిల్లులున్న ప్లాస్టిక్ డబ్బాలో తడి టవల్ వేసి అరగంట వదిలితే పాకుతూ మెడ తోలు విడిచింది. కంటి పొర మాత్రం గిల్లకూడదు, పొరతో పాటు కన్నే పోవచ్చు. తర్వాతి కుబుసం దాకా ఆగాలి.

తేమ నిలవాలని నాలుగు జాలీల్లో మూడింటికి ప్యాకింగ్ టేపు వేసి, పొద్దునా సాయంత్రం స్ప్రే కొట్టాను. మీటరు 85 చూపించింది. అది చూసి నన్ను నేను మెచ్చుకున్నాను.

ఏప్రిల్ 27

రాత్రి 11 గంటలకి లైటార్పి పడుకుంటే గూట్లోంచి సన్నగా టిక్, టిక్ అని చప్పుడు. బల్లేమో అనుకున్నాను. టార్చి వేసి చూస్తే సుబ్బులు తల పైకెత్తి అద్దానికి ఆనించి ఉంది, నోరు గింజంత తెరిచి ఉంది, నోటి మూలలో ఒక బుడగ. ఊపిరి వదిలినప్పుడు ఉబ్బుతోంది, పీల్చినప్పుడు తగ్గుతోంది. ఎంతసేపు చూశానో గుర్తులేదు.

ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్. పాములకి మనలా దగ్గి కఫం బయటికి తోసేయడం రాదు, చేరింది చేరినట్టు లోపలే ఉంటుంది. మూసిన పెట్టె, కదలని గాలి, తడి పొట్టు, దాని మీద ఏసీ చల్లదనం. నాలుగూ నేను చేసినవే.

మొదట వెళ్ళిన క్లినిక్‌లో కుక్కలు, పిల్లులే చూస్తామన్నారు, డబ్బా మూత కూడా తీయనివ్వలేదు. రెండు చోట్ల తిరిగాక పక్షుల్నీ తాబేళ్ళనీ చూసిన అనుభవమున్న డాక్టరు గారు దొరికారు. నోరు తెరిచి దూది పుల్లతో కఫం తీశారు, రెట్ట కూడా పరీక్షకి ఇమ్మన్నారు. సెఫ్టాజిడిమ్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్, మూడు రోజులకొకటి చొప్పున ఏడు. మోతాదు ఆ రోజు బరువుని బట్టి ఆయనే లెక్కగట్టి సిరంజీలు నింపి ఇచ్చారు. తల నుంచి మొదటి మూడో వంతులోనే, వెన్ను పక్క కండలో వేయాలి. తోక వైపు వేస్తే మందు ఒళ్ళంతా చేరకముందే మూత్రపిండాల మీదుగా పోతుందట. "వేడి తగ్గించకండి. వేడి వైపు 32 నిలబడితేనే దాని ఒళ్ళు రోగంతో పోరాడుతుంది" అన్నారు.

బయల్దేరుతుంటే, "ఇంట్లో దోమల మందు మిషన్ పెడతారా? అగరొత్తులు? ఫినాయిల్?" అని అడిగారు. మూడూ ఉన్నాయి. శుక్రవారం సాంబ్రాణి అదనం.

మే 4

టేపులు పీకేశాను. పొట్టంతా తీసి పారేసి, మందు పూర్తయ్యేదాకా పేపరు మీదే. ఇంజెక్షన్‌కి నేను పట్టుకోవాలి, గుచ్చడం మా చెల్లెలు, అది నర్సింగ్ చదివింది. మొదటిసారి సూది పొలుసు మీద జారింది. పొలుసుల సందులో, తల వైపుకి ఏటవాలుగా పెట్టాలని రెండోసారికి తెలిసింది.

గది రూల్సు: ఫినాయిల్ బంద్, నేల మామూలు నీళ్ళతో తుడవడమే. దోమల మిషన్ బదులు దోమతెర. సాంబ్రాణి హాల్లో, నా గది తలుపు మూసి, కింద సందులో గుడ్డ కుక్కి. బెజవాడ దోమలతో ఇది చిన్న త్యాగం కాదు.

మే 18

ఏడో ఇంజెక్షన్ అయిపోయింది. బుడగ లేదు, చప్పుడు లేదు. 1,298. గోడకి అంటించుకున్న ఆ పదో వంతు గీతకి ఇంకా 56 గ్రాముల పైన.

మే 29

రోహిణి కార్తె. పాములు పెంచేవాళ్ళు రాసే పాఠాలన్నీ చలి దేశాల నుంచి వచ్చినవి, ఎలా వేడి చేయాలో పది పేజీలు, ఎలా చల్లబరచాలో రెండు లైన్లు. మాది పైఅంతస్తు. ఏసీ లేకపోతే మధ్యాహ్నం గది 38. హీటర్ తీగ పీకేసి పది రోజులైంది. థర్మోస్టాట్ హీటర్ని ఆపగలదు గానీ బెజవాడని ఆపలేదు. గూడు 35 దాటి గంటలు గడిస్తే పాము ప్రాణం మీదికి రావచ్చు.

ఏసీ 28 మీద పెడుతున్నాను. ఈరోజు రెండింటికి కరెంటు పోయింది. ఇన్వర్టరు మీద ఫ్యాను తిరుగుతుంది, ఏసీ తిరగదు. రాసుకున్న లెక్క: 2 గంటలకి గూట్లో 29, 3కి 31, 4:15కి 33. ప్లైవుడ్ కాబట్టి ఇంత నెమ్మదిగా ఎక్కింది, గాజు పెట్టె అయితే అప్పటికే దాటేది. రెండు లీటర్ల సీసాలో గడ్డకట్టించిన నీళ్ళు పాత లుంగీలో రెండు మడతలు చుట్టి చల్లటి మూల పెట్టాను. ఇరవై నిమిషాల్లో 31. ఎలుకల ఫ్రిజ్‌లో ఇక ఎప్పుడూ అలాంటి సీసాలు మూడు ఉంటాయి. కూలరు సంగతి కూడా చూశాను, మన గాలిలో ఉన్న తేమకి అది గదిని చల్లబరచకుండా బూజు పట్టిస్తుంది.

జూన్ 15

జాలీల వరస సరిచేయించాను. నాలుగూ పైనే ఉంటే గాలి కదలదు. ఇప్పుడు రెండు చల్లటి పక్క గోడకి కింద, రెండు వేడి వైపు వెనక పైన. కింది నుంచి చల్లగాలి దూరి, వేడెక్కి పై నుంచి పోతుంది. అగరొత్తి పొగతో పరీక్ష చేశాను (సుబ్బులు అప్పుడు హాల్లో డబ్బాలో ఉంది). పొగ కింది జాలీలోకి దారం పట్టి లాగినట్టు పోయింది. బాబాయి అది చూసి, "లారీ సైలెన్సర్ కూడా ఇంతే బాబూ" అన్నాడు, ఎలా ఇంతేనో నాకు అర్థం కాలేదు.

తేమకి స్ప్రే మానేశాను. కొత్త పొట్టులో నాలుగు మూలలా నీళ్ళు పోస్తాను, అడుగు తడిగా, పైన పొడిగా ఉంటుంది. వారానికి రెండు మగ్గులు. 62 నుంచి 68 మధ్య నిలబడుతోంది. చల్లటి వైపు కుండలో తడిపి పిండిన నాచు కూడా పెట్టాను, కుబుసం వచ్చే ముందు అక్కడే ఉంటోంది.

ఆగస్టు 10

కళ్ళు పాలరంగుకి తిరిగి, మళ్ళీ తేటపడి, నాలుగో రోజు పొద్దునకి కుబుసం ఒకటే తొడుగుగా కుండ మూతి దగ్గర ఉంది. వెలుగుకి పట్టి చూశాను, రెండు కంటి పొరలూ, ఏప్రిల్‌లో మిగిలిన పాతదానితో సహా, అద్దాల్లా దానికే ఉన్నాయి. 1,404 గ్రాములు. జూలై నుంచి పది రోజులకొకసారి తింటోంది.

సెప్టెంబరు 1

2024లో ఇదే రోజు బుడమేరు సింగ్‌నగర్‌ని ముంచింది. మా స్నేహితుడు అక్కడ మేడ మీద రోజుల తరబడి ఉన్నాడు. నాది పటమటలో పైఅంతస్తు, నీళ్ళు రాకపోవచ్చు, కరెంటు మాత్రం పోతుంది. ఒక సంచీ సిద్ధం చేశాను: మందపాటి దిండు గలీబు రెండు, మూతకి చిల్లులున్న లాక్ డబ్బా, బ్యాటరీ మీటరు, నమోదు కాగితాల జిరాక్సు, డాక్టరు గారి నంబరు. పామున్న గలీబుని ముడేసి డబ్బాలో పెట్టి మోయాలి. రిహార్సల్ చేస్తే నాలుగు నిమిషాలు పట్టింది, అందులో మూడు దాన్ని కుండలోంచి బయటికి రప్పించడానికే.

నాగుల చవితి

దీపావళి రాత్రి కిటికీలు మూసి, తలుపు కింద గుడ్డలు కుక్కి, ఏసీ వేసి కూర్చున్నాం, పొగ లోపలికి రాలేదు. ఈరోజు అమ్మ పుట్టలో పాలు పోసి, చలిమిడీ చిమ్మిలీ నైవేద్యం పెట్టి వచ్చింది. వస్తూనే చెంబులో మిగిలిన పాలు పట్టుకుని నా గది ముందు నిలబడింది. పాములకి పాలు అరగవని జనవరి నుంచి చెబుతున్నాను. "నాకు తెలుసులేరా" అంటూ అద్దం మీద పసుపూ కుంకుమా బొట్టు పెట్టి, పాలు కాఫీకి తీసుకెళ్ళింది. బొట్టు బయటి వైపే, ఇబ్బంది లేదు.

బరువు 1,462. అద్దం జరిగే కింది ఛానెల్లో కొబ్బరి పొట్టు చేరి అద్దం కీచుమంటోంది, ఒక్కోసారి పూర్తిగా మూసుకోవడం లేదు. పాముకి ఆ సందు చాలు. ప్రస్తుతానికి క్లిప్పు తాళం వేశాను. ఆదివారం బాబాయి వస్తానన్నాడు, ఛానెల్‌ని అరంగుళం పైకి లేపించాలి.